పావలా అంచున పోయిన ముక్క

రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1943 నాటికి మన దేశంలో నాణేలు కొట్టే టంకశాలలకు రాగి కరువైంది. తూటాలకు రాగి, ఇత్తడి కావాలి. ఇటు బజారులో చిల్లర దొరకడం లేదు. దాంతో అణాలో నాలుగో వంతైన ‘కానీ’ నాణెం మధ్యలో పెద్ద చిల్లు పెట్టేశారు. దాదాపు 4.9 గ్రాములుండే ఆ నాణెం 2 గ్రాములకు దిగింది. వెండి సంగతీ అంతే: నూటికి 91.7 పాళ్లున్న రూపాయి వెండి 1940లోనే 50కి పడింది. పని పెరగడంతో 1943లో లాహోర్‌లోనూ టంకశాల తెరిచారు.

చెన్నైలోని తెలుగు ఇళ్లలో ఈ నాణేలు ఇంకా ఉన్నాయి. 1942 ఏప్రిల్‌లో జపాన్ బాంబుల భయానికి మద్రాసు జనం ఊళ్లకు తరలిపోయినప్పుడు మా పెదనాన్నగారి ఇంటివాళ్లు నెల్లూరు చేరారు. తర్వాత తిరిగొచ్చి దాచుకున్న చిల్లర టి.నగర్‌లో ఒక రేకు డబ్బాలో ఉంది. అందులో 1944 పావలా ఒకదానికి అంచున నెలవంకంత ముక్క లేదు.

ఎవరైనా కత్తిరించారా, టంకశాల తప్పా? సేకరణలో అసలు రుచి ఈ ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం. లోహపు రేకు నుంచి బిళ్లలు కోసేటప్పుడు రేకు సరిగా ముందుకు జరగకపోతే, గిన్నె మూతతో పూరీలు కోసినప్పుడు పాత కోత మీద మళ్లీ పడ్డట్టు, బిళ్ల కొరికినట్టు వస్తుంది. ముద్ర వేయడానికి ముందు బిళ్లను దొర్లించి నొక్కి అంచు లేపుతారు. ముక్క పోయినచోట ఒత్తిడి ఆనదు కాబట్టి దానికి సరిగ్గా ఎదురుగా అంచు కూడా సరిగా లేవదు. అందుకే నిజమైన తప్పులో చాలాసార్లు ఎదుటి అంచు పలచబడి, మొద్దుగా ఉంటుంది. ఆకురాయితో అరగదీసినవాడు ఎదుటి అంచును మాత్రం మార్చలేడు. మా పావలాకు ఎదుటి అంచు భూతద్దంలో చదునుగా కనిపించింది!

అమెరికాలోనూ ఇదే కథ. రాగి ఆదాకు 1943 సెంటును జింకు పూసిన ఉక్కుతో కొట్టారు. యంత్రాల్లో మిగిలిన పాత కంచు బిళ్లలు కొన్ని వాటిలో కలిసిపోయాయి. అవి ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతాయి. ఉక్కు సెంటుకు రాగి పూత పూసి అమ్మేవాళ్లూ ఉన్నారు. అయస్కాంతానికి అతుక్కుంటే అది ఉక్కే. తూకంలో కూడా ఉక్కుది 2.7 గ్రాములు, కంచుది 3.1.

డబ్బాలో ఇలాంటివి దొరికితే దయచేసి చింతపండు పెట్టి తోమకండి. అచ్చు పడ్డప్పుడు లోహం పారిన సన్నని గీతలు ఆ తోముడుకి చెరిగిపోతాయి.