ముప్పై రెండేళ్లు తలుపుల వెనకే జరిగిన పండుగ

ఇండోనేషియాలో చాంద్రమాన నూతన సంవత్సరాన్ని ఇమ్లెక్ అంటారు. ఇప్పుడది జాతీయ సెలవు. జకార్తా మాల్‌లలో ఎర్ర లాంతర్లు వేలాడతాయి, సింహ నృత్యం చూడటానికి అన్ని మతాలవారూ పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. ఈ బహిరంగ సందడి వయసు మాత్రం పాతికేళ్లకు కాస్త ఎక్కువ, అంతే.

స్వాతంత్ర్యం ప్రకటించుకున్న మరుసటి ఏడాదే, 1946లో, తొలి అధ్యక్షుడు సుకర్ణో ప్రభుత్వం ఇమ్లెక్‌ను చైనీయుల పండుగగా అధికారికంగా గుర్తించింది. 1965 నాటి తిరుగుబాటు యత్నంతో అంతా తలకిందులైంది. నింద కమ్యూనిస్టు పార్టీ మీద, దాని వెనక ఉందంటూ చైనా మీద, అక్కడినుంచి తరతరాలుగా జావాలో బతుకుతున్న చైనా సంతతి మీద పడింది. వారి పాఠశాలలు మూతపడ్డాయి. 1967 డిసెంబరులో, అప్పటికే అధికారం చేజిక్కించుకున్న సైనిక జనరల్ సుహార్తో 14వ నంబరు ఆదేశం జారీ చేశాడు. చైనీయుల మత కర్మలు, ఆచారాలు ఇంట్లోనే జరుపుకోవాలి, పదిమంది కళ్లబడేలా ఉండకూడదు అన్నది దాని సారాంశం.

ఆ తర్వాత చైనా లిపి దుకాణాల బోర్డుల మీదనుంచి మాయమైంది. ఆ లిపిలో అచ్చయ్యేందుకు అనుమతి ఉన్నది ప్రభుత్వ కనుసన్నల్లో నడిచే ఒకే ఒక్క పత్రికకు. పేర్లు మార్చుకోవాలన్న ఒత్తిడితో లిమ్‌లు సలీమ్‌లయ్యారు. ఆలయాలు బౌద్ధ విహారాలుగా నమోదై తలదాచుకున్నాయి. జకార్తా గ్లొడోక్ ప్రాంతంలోని 17వ శతాబ్దపు జిన్ దె యువాన్ ఆలయానికి ‘ధర్మభక్తి విహారం’ అన్న పేరు అలా వచ్చిందే.

పండుగను నిలబెట్టింది వంటిల్లు. ఆదేశం ఇంటి గడప దాటి లోపలికి రాలేకపోయింది. జిగురు బియ్యప్పిండిని చక్కెరతో కలిపి గంటల తరబడి ఆవిరి మీద ఉడికిస్తే గోధుమరంగులో గట్టిగా సాగే ‘కుయె కెరంజాంగ్’ తయారవుతుంది. దాన్ని పెద్దవి కింద, చిన్నవి పైన పేర్చి పితృదేవతల బల్లమీద పెడతారు. పండుగ వెళ్లాక మిగిలిన దాన్ని ముక్కలు కోసి, గుడ్డు సొనలో ముంచి వేయిస్తారు. చైనా భాష ఒక్క ముక్క రాని ఇళ్లలో కూడా ఈ పని ఏ ఏడూ ఆగలేదు. అగరొత్తులు వెలిగించారు, పిల్లల చేతుల్లో ఎర్ర కవర్లు పెట్టారు, మర్నాడు మామూలుగా బడికి పంపారు.

పొరుగువారు కూడా కొంత కాపాడారనే చెప్పాలి. జకార్తా స్థానికులైన బెతావి ముస్లింలలో ఇమ్లెక్ ముందు అల్లుళ్లు అత్తవారింటికి పెద్ద బాండెంగ్ చేప తీసుకెళ్లే ఆనవాయితీ ఉంది. మన కోస్తాలో పాలబొంత అంటామే, ఆ చేపే. చైనీయుల దగ్గర నేర్చిన అలవాటిది. ఇలాంటి కలగలుపు ఉన్న ఊళ్లోనే 1998 మే అల్లర్లు జరిగాయి. దుకాణాలు తగలబెట్టారు, చైనా సంతతి స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి, వెయ్యిమందికి పైగా చనిపోయారు. మంటల్లో చిక్కుకుని పోయినవారిలో చైనీయులు కానివారే ఎక్కువ. మే 21న సుహార్తో గద్దె దిగాడు.

2000 జనవరిలో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ 1967 ఆదేశాన్ని రద్దు చేశాడు. జనం ప్రేమగా గుస్ దుర్ అని పిలుచుకునే ఆయన మతపండితుడు, నహ్దతుల్ ఉలమా అనే అతిపెద్ద ముస్లిం సంస్థకు ఏళ్లపాటు సారథి. మెజారిటీ మతం నుంచి వచ్చిన పెద్దమనిషి మైనారిటీ పండుగకు తలుపు తీయడం నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా విలువైన ఘట్టం. 2004లో సెమరాంగ్ నగరంలోని ఒక ఆలయంలో చైనీయులు ఆయనకు ‘తియొంగ్‌హోవా పితామహుడు’ (తియొంగ్‌హోవా అంటే చైనా సంతతి ఇండోనేషియన్లు) అని బిరుదిచ్చారు. ఆయన తర్వాత అధ్యక్షురాలైన మెగావతి ప్రభుత్వ నిర్ణయంతో 2003 నుంచి ఇమ్లెక్ జాతీయ సెలవైంది.

నృత్యాలు తిరిగొచ్చాయి. బోర్నియో దీవిలో ఉన్న పశ్చిమ కాలిమంతాన్‌లోని సింగ్‌కవాంగ్‌లో పదిహేనో రోజు జరిగే చాప్ గో మె ఊరేగింపుకు దేశం నలుమూలల నుంచీ జనం వెళ్తారు. చెంపల్లో శూలాలు గుచ్చుకుని పూనకంతో నడిచే ‘తాతుంగ్’లలో స్థానిక దయాక్ తెగవారు కూడా ఉంటారు. భాషకు మాత్రం అంత అదృష్టం లేకపోయింది. పాఠశాలలు మూతపడ్డాక పెరిగిన తరంలో చాలామంది తమ గుమ్మానికి కట్టిన ఎర్ర కాగితం మీది అక్షరాలు చదవలేరు. 1998 మేలో జరిగింది తీవ్ర మానవ హక్కుల ఉల్లంఘనేనని 2023 జనవరిలో అధ్యక్షుడు జొకో విదోదో ఒప్పుకుని విచారం ప్రకటించాడు. ఆ అల్లర్ల వెనక ఉన్నవారిని మాత్రం ఇంతవరకు ఏ మానవ హక్కుల న్యాయస్థానమూ బోనెక్కించలేదు. బాధిత కుటుంబాలు అడుగుతున్నది అదే.