మంచు ఉన్నంతసేపే యుద్ధం

గేముల్లో అంతరిక్ష యుద్ధం చూస్తుంటే నాకు చాలాసార్లు విమానాలే కనిపిస్తాయి. మలుపు తిరిగేటప్పుడు నౌక ఒక పక్కకి ఒరుగుతుంది. ఇంజిన్ ఆపగానే నెమ్మదిస్తుంది. ఒరగడానికి అక్కడ గాలేది? ఆపడానికి అడ్డేముంది? అలాగని వాటిని తీసిపారేయను. చేతికి ఇట్టే అలవాటవుతాయి, ఆడినంతసేపూ సరదాగానే ఉంటాయి. నా బాధల్లా, శూన్యంలో నిజంగా ఎదురయ్యే చిక్కుల్లో ఇంతకంటే మంచి ఆట ఉందే, దాన్ని వదిలేస్తున్నామే అని.

నమ్మకం కుదరకపోతే ఒక గళ్ల కాగితం, రెండు నాణేలు తీసుకోండి. నియమం ఒక్కటే. కిందటి వంతులో మీ నాణెం ఎటువైపు ఎన్ని గళ్లు కదిలిందో, ఈ వంతులోనూ అటే అన్ని గళ్లు కదలాలి. ఇంజిన్ వాడితే ఆ లెక్కని ఒక్క గడి మాత్రం అటో ఇటో మార్చుకోవచ్చు. మొదటి వంతులో ఒక గడి, తర్వాత రెండు, మూడు, అలా ఆరు దాకా వెళ్లారనుకోండి. మంచి ఊపు మీదున్నారు, ఎదుటివాడి నాణెం పక్కనే ఆగి కాల్చాలని మీ ఆలోచన. కానీ ఆగాలంటే ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి... మొత్తం ఇంకో పదిహేను గళ్లు పోవాలి. ఎదుటివాడు ఎప్పుడో వెనక ఉండిపోతాడు. ఇలా రెండు ఆటలు ఆడేసరికి 'ఇప్పుడు ఎక్కడున్నాను' అన్న ప్రశ్న పోయి, 'ఐదు వంతుల తర్వాత ఎక్కడుంటాను' అన్నది పట్టుకుంటుంది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1962లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పీడీపీ-1 కంప్యూటర్ కోసం రాసిన 'స్పేస్‌వార్!' గేమ్‌లోనే నౌకలకి జడత్వం ఉంది. తెర మధ్యలో ఒక నక్షత్రం వాటిని తనవైపు లాగుతుంటుంది. ఇంధనం కూడా కొంతే. నౌకలు పేల్చే టార్పెడోలని మాత్రం నక్షత్రం లాగదు. వాటి లెక్క కూడా చేసేంత ఓపిక పాపం ఆ కంప్యూటర్‌కి లేదు!

గ్రహం చుట్టూ కక్ష్యలోకి వచ్చామా, అలవాటైన తెలివి అస్సలు పనిచేయదు. 1965 జూన్‌లో జెమిని-4 అనే అమెరికా వ్యోమనౌకలో వెళ్లిన జేమ్స్ మెక్‌డివిట్, తమని పైకి మోసుకొచ్చిన రాకెట్ రెండో దశ కనిపిస్తుంటే దాని దగ్గరికి వెళ్లబోయాడు. దానివైపు తిరిగి థ్రస్టర్లు, అంటే నౌకని తోసే చిన్న ఇంజిన్లు, పేల్చాడు. దగ్గరవ్వాల్సింది పోయి అది దూరమైంది. కారణం ఇదీ: కక్ష్యలో ముందుకి తోస్తే నౌక పైకెక్కుతుంది, పై కక్ష్యలో ఒక చుట్టు తిరగడానికి ఎక్కువసేపు పడుతుంది, కాబట్టి ముందున్నది ఇంకా ముందుకి పోతుంది. దాన్ని అందుకోవాలంటే వేగం తగ్గించి కిందికి దిగాలి. చివరికి ఇంధనం కరిగిపోతుంటే ఆ ప్రయత్నం మానుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో జెమిని-6ఎ లెక్క ప్రకారం వెళ్లి జెమిని-7కి అడుగు దూరం దాకా చేరింది.

ఇవన్నీ ఒక ఎత్తు, వేడి ఒక ఎత్తు. గేమ్ డిజైనర్లు ఏదైనా ఒక్క నియమాన్నే తీసుకోవాలంటే వేడినే తీసుకోమంటాను. అంతరిక్షం చల్లగానే ఉంటుంది కదా అంటారు చాలామంది. మరి ఫ్లాస్క్‌లో పోసిన వేడినీళ్లు గంటలకొద్దీ ఎందుకు చల్లారవు? చుట్టూ శూన్యం ఉంది కాబట్టి. నౌకదీ అదే పరిస్థితి. వేడిని మోసుకుపోవడానికి బయట గాలి లేదు, అది కిరణాల రూపంలోనే పోవాలి. స్పేస్ షటిల్ రేడియేటర్లు, అంటే అలా వేడిని బయటికి వదిలే పలకలు, సరుకుల అర తలుపులకి లోపలివైపు ఉండేవి. కక్ష్యలోకి చేరిన కొద్దిసేపటికే ఆ తలుపులు తెరవాల్సిందే. తెరుచుకోకపోతే ఇక ఇంటిదారి పట్టడమే.

ఇప్పుడు ఒక లేజర్ బిగిద్దాం. 1 మెగావాట్ కిరణం కావాలి. లేజర్ సామర్థ్యం 30 శాతం అనుకుంటే సుమారు 2.3 మెగావాట్ల వేడి మన నౌకలోనే మిగులుతుంది. అంటే శత్రువుకి పంపిన దానికంటే రెట్టింపుకి పైగా మనమే వండుకుంటున్నాం! 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న రేడియేటర్ పలక, రెండు వైపులా కలిపి, చదరపు మీటరుకి దాదాపు 900 వాట్లే వదలగలదు. ఆ లెక్కన 50 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు ఉన్న పలక కావాలి. పలకని 327 డిగ్రీల దాకా వేడెక్కనిస్తే అందులో పదహారో వంతు చాలు, ఎందుకంటే కెల్విన్లలో ఉష్ణోగ్రత రెట్టింపైతే (27 డిగ్రీలంటే 300 కెల్విన్లు, 327 అంటే 600) వికిరణం పదహారు రెట్లవుతుంది. కానీ అంత వేడి దగ్గర లేజర్‌లోని ఎలక్ట్రానిక్స్ మాడిపోతాయి. పలకని వేడిగా, లేజర్‌ని చల్లగా ఉంచే యంత్రం పెట్టొచ్చు, దానికి మళ్లీ కరెంటు కావాలి, అది మళ్లీ వేడి. మొత్తానికి నౌకకి విమానంలా పెద్ద పెద్ద రెక్కలొచ్చాయి, గాలితో ఏ సంబంధమూ లేకుండానే.

అంత పెద్ద పలుచటి రెక్కలు శత్రువుకి సులువైన గురి. యుద్ధంలో మడిచేసుకోవాలి. మడిచాక వేడి ఎక్కడికి పోవాలి? ఒక దారి మంచు. కిలో మంచు కరిగి, ఆ నీళ్లు వంద డిగ్రీలకి చేరేలోపు సుమారు 750 కిలోజౌళ్ల వేడిని మింగుతుంది. పది టన్నుల మంచు ఉంటే మన లేజర్ ఏకబిగిన యాభై నిమిషాల పైచిలుకు కాల్చవచ్చు. లేజర్‌కి తూటాలు అయిపోవడమనేది ఉండదంటారు గానీ, ఇక్కడ మంచే తూటా.

మళ్లీ గళ్ల కాగితం దగ్గరికి రండి. ఒక్కొక్కరికి పది అగ్గిపుల్లలివ్వండి, అదే మంచు. కాల్చిన ప్రతిసారీ ఒక పుల్ల పోతుంది. రెక్కలు విప్పి ఉంచిన ప్రతి వంతుకీ ఒక పుల్ల తిరిగొస్తుంది, కానీ విప్పి ఉన్నప్పుడు దెబ్బ తగిలితే ఆ రెక్క ఇక లేనట్టే. కాసేపటికి ఇద్దరూ కాల్చడం మానేసి ఎదుటివాడి పుల్లలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. వాడి దగ్గర ఒకటే మిగిలింది, విప్పుతాడా, ఆ ఒక్కటీ కాల్చేస్తాడా? అసలే ఆరు గళ్ల వేగంలో ఉన్నాడు. మీ ఎదురుగా పదిహేను గళ్లు వెళ్తే గానీ ఆగలేడు.