పచ్చి ఇటుకలోంచి మనుషులు

అమెరికాలో నార్త్ కరోలినాకి చెందిన బ్రాడ్ స్పెన్సర్ అనే శిల్పి చేసిన ఇటుక బొమ్మలు ఫొటోల్లో అయినా ఒకసారి చూడండి. మామూలు ఇటుక గోడలోంచి మనుషులు బయటికి వచ్చేస్తున్నట్టు ఉంటాయి, దగ్గరగా చూస్తే వాళ్ళ ఒంటి మీద కూడా ఇటుకల మధ్య మాలు గీతలు అడ్డంగా నిలువుగా కనిపిస్తూనే ఉంటాయి, అదే నాకు భలే నచ్చుతుంది.

అయితే కాలిన ఇటుకని ఇంత సున్నితంగా చెక్కడం చాలా కష్టం, పెచ్చులు లేచిపోతాయి. అందుకే ఇంకా కాల్చని పచ్చి ఇటుకలు తీసుకుని, మాలు లేకుండా పేర్చి, తడి ఉండగానే చెక్కేస్తారు. తర్వాత ప్రతి ఇటుకకీ నంబర్ వేసి, విడదీసి, ఆరబెట్టి కాలుస్తారు, కాలాక అదే వరసలో మాలు పెట్టి కడతారు.

మెత్తటి మట్టి రాయిలా ఎలా మారుతుందో చూద్దాం. బంకమట్టి రేణువులు సన్నటి రేకుల్లా ఉంటాయి, వాటి మధ్య నీళ్ళుంటాయి కాబట్టే ఒకదాని మీద ఒకటి జారుతూ మనం చెప్పిన ఆకారానికి వస్తాయి. ఆరేటప్పుడు ఆ నీళ్ళు పోయి రేకులు దగ్గరికి జరుగుతాయి, కాలేటప్పుడు ఇంకొంచెం ముడుచుకుంటుంది, మొత్తమ్మీద మట్టిని బట్టి సైజు సుమారు 10 శాతం దాకా తగ్గొచ్చు, అంటే ఆ తగ్గుదలా, మాలు మందమూ రెండూ శిల్పి ముందే లెక్కేసుకోవాలి. ఇక 500 డిగ్రీల సెల్సియస్ దాటే సరికి మట్టి ఖనిజంలోనే కలిసిపోయి ఉన్న నీరు కూడా పోతుంది, ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా మళ్ళీ బంకమట్టి అవ్వదు. 1000 డిగ్రీల దగ్గర్లో రేణువులు అంటుకుపోతాయి, మట్టిలోని ఇనుముకి గాలి బాగా తగిలితే ఎర్ర రంగు వస్తుంది.

మనిషంత బొమ్మని ఒకే మట్టి ముద్దగా చేస్తే పైన ఆరిపోయి లోపల తడి మిగిలి పగుళ్ళొస్తాయి, ఆ తడితోనే బట్టీలో పెడితే లోపలి ఆవిరి పేల్చేస్తుంది కూడా. ఇటుకలుగా ఉంటే ఏ ముక్కా మరీ మందంగా ఉండదు కాబట్టి ఆ గొడవ చాలావరకు తప్పుతుంది!

ఇదేం కొత్త తెలివి కాదు, క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలోనే ఇప్పటి ఇరాక్‌లోని బాబిలోన్ నగరపు ఇష్టార్ ద్వారం మీద ఎద్దుల్నీ డ్రాగన్లనీ ఇలాగే ఇటుక ఇటుకగా తయారుచేసి జోడించారు, కాకపోతే వాళ్ళవి అచ్చుల్లో పోసినవి, పైన రంగుల గ్లేజు, అంటే గాజులాంటి పూత, వెనక నేపథ్యమంతా నీలం. ఇంగ్లండ్‌లో డార్లింగ్టన్ దగ్గర డేవిడ్ మాక్ అనే శిల్పి 1997లో నిజం రైలింజన్ సైజులో కట్టించిన ఇటుక రైలుది మాత్రం వేరే దారి, అక్కడ కాలిన ఇటుకలనే దాదాపు 1,85,000 వరకు పేర్చుకుంటూ పోయారు, గబ్బిలాలు లోపల కాపురం పెట్టుకోడానికి ప్రత్యేకంగా కన్నాలున్న ఇటుకలు కూడా పెట్టారు.