చెనక్కాయల చేలో జారిన ఉంగరానికి ఏ కాయిల్?

చంద్రగిరి పక్క చెనక్కాయలు పీకేటప్పుడు వేలి ఉంగరం జారిపోతే, అది మామూలుగా బెత్తెడు లోతులోనే ఉంటుంది. వెతకడానికి మెటల్ డిటెక్టర్ తెచ్చేవాళ్లకు మొదట తట్టేది పెద్ద కాయిల్, అంటే నేల మీద ఊపే తీగచుట్ట. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

కాయిల్ నుంచి అయస్కాంత క్షేత్రం మట్టిలోకి దిగి, తగిలిన లోహంలో సుడి ప్రవాహాలు, అంటే గుండ్రంగా తిరిగే కరెంటు, పుట్టిస్తుంది. వాటి క్షేత్రమే తిరిగి కాయిల్‌కు చేరి సద్దవుతుంది. కాయిల్ వ్యాసం దాటాక, పోయేటప్పుడు దూరపు ఘనం చొప్పున, వచ్చేటప్పుడు మళ్లీ ఘనం చొప్పున బలం తగ్గుతుంది. లోతు రెట్టింపైతే సంకేతం సుమారు 64వ వంతుకు పడిపోతుంది! క్షేత్రాన్ని రెట్టింపు చేసినా 20 సెంటీమీటర్లు కాస్తా 22.4 అవుతాయి, అంతే. 20 అడుగుల లోతున నాణెం పడుతుందని ఎవరు చెప్పినా ఈ లెక్క ముందు నిలవదు. నాణెమంత వస్తువుకు మంచి మట్టిలో కాయిల్ వ్యాసమంత లోతు అందితే గొప్పే.

11 అంగుళాల కాయిల్ లోతు చూస్తుంది, కానీ బిందెలాంటి పెద్ద వస్తువును. సన్న ఉంగరం మీద పడే క్షేత్రం పలచబడుతుంది, పైగా మట్టి గోల ఎక్కువ వినిపిస్తుంది. ఉంగరానికి 5, 6 అంగుళాలదే నయం. తెగిన గొలుసు ఇంకా కష్టం: ప్రవాహం ఒక్కో చిన్న లంకెలోనే తిరగాలి. దానికి 15 కిలోహెర్ట్జ్ పైన పనిచేసే యంత్రం మేలు.

మన ఎర్రమట్టిలో రంగు కాదు, నల్లటి మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం) రేణువులు ఇబ్బంది పెడతాయి. పాత స్పీకర్ అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి మట్టిలో లాగండి. కవరుకు నల్లటి పొడి మీసాల్లా అంటుకుంటే డీడీ కాయిల్ (D ఆకారపు చుట్టలు రెండు ఉండేది) వాడాలి. అది ముందునుంచి వెనక్కి సన్నటి పట్టీగా చూస్తుంది కాబట్టి మట్టి గోల తక్కువ. కాన్‌సెంట్రిక్ కాయిల్ (ఒకదానిలో ఒకటి గుండ్రటి చుట్టలుండేది) శుభ్రమైన మట్టికి బాగుంటుంది.

వెతికే ముందు బోరు మోటారు ఆపండి, కాయిల్ వైరు కడ్డీకి బిగించి చుట్టండి. వదులుగా ఊగితే లేని సద్దులొస్తాయి. లోహం లేని చోట కాయిల్‌ను 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 3 దాకా దించుతూ, ఎత్తుతూ సద్దు మారకుండా గ్రౌండ్ బ్యాలెన్స్ చేయాలి, అంటే యంత్రాన్ని ఆ మట్టికి సరిచేయాలి. నేలకు 2, 3 సెంటీమీటర్ల పైన నెమ్మదిగా ఊపుతూ, ప్రతి ఊపూ ముందుదాని సగం మీద పడేట్టు నడవండి. డిస్క్రిమినేషన్ (కొన్ని లోహాలకు సద్దు రాకుండా వదిలేసే అమరిక) పెట్టకండి: మాత్రల రేకు, సన్న బంగారం ఒకేలా పలుకుతాయి, రేకు వదిలేస్తే ఉంగరమూ పోతుంది.

ఈ యంత్రంతో చంద్రగిరి కోటలోకి మాత్రం వెళ్లకూడదు. రక్షిత కట్టడాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. మరెక్కడైనా పది రూపాయల విలువ దాటిన నిధి బయటపడితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు రాసివ్వాలి.

సద్దు వచ్చిన చోట కొద్దికొద్దిగా తీసి, ప్రతిసారీ గుంటలో మళ్లీ చూడండి. గుంట నిశ్శబ్దమైతే ఉంగరం పక్కన పోసిన పెళ్లల్లో ఉన్నట్టు.