ఖైదీల మీద ఖైదీలే కాపలా: జైలు భద్రత వెనుక చరిత్ర

2023 మేలో తిహార్ జైల్లో ప్రత్యర్థి ముఠా ఖైదీలు ఒక ఖైదీని పొడిచారు. గాయపడిన అతన్ని తీసుకెళ్తుండగా, భద్రతా సిబ్బంది కళ్ళెదుటే మళ్ళీ పొడిచారు. అతను చనిపోయాడు. అదంతా సీసీ కెమెరాల్లో రికార్డయింది. సిబ్బంది పిరికివాళ్ళని చాలామంది తిట్టారు. నాకు మాత్రం ఆ దృశ్యం వెనుక దాదాపు రెండు వందల ఏళ్ళ పిసినారి లెక్క కనిపించింది.

మెకాలే చొరవతో 1836లో ఏర్పడిన జైళ్ళ కమిటీ రెండేళ్ళకు నివేదిక ఇచ్చింది. చదువు, నీతిబోధ, మంచి నడవడికకు ప్రతిఫలం వంటివేవీ వద్దని, కఠినంగా శిక్షించడమే జైలు పని అని తేల్చింది. 1894 నాటి జైళ్ళ చట్టం ఆ దారిలోనే నడిచింది. దాని 23వ సెక్షన్ చూడండి: జైలు ఉద్యోగిగా నియమితుడైన ఖైదీని ప్రభుత్వ సేవకుడిగానే పరిగణించాలట. జీతమివ్వనక్కరలేని కాపలాదారు దొరికాడన్నమాట! ఖైదీకి తోటి ఖైదీల మీద పెత్తనం అప్పగిస్తే బ్యారక్ ఎవరి గుప్పిట్లోకి పోతుందో చెప్పనక్కరలేదు. అక్కడ వార్డరు, అంటే జీతం తీసుకునే జైలు కాపలా ఉద్యోగి కూడా బయటివాడవుతాడు.

సంస్కరణను జైలు లక్ష్యంగా గుర్తించింది 1919-20 నాటి కార్డ్యూ కమిటీ. ఖైదీల సంరక్షణను తగిన శిక్షణ పొందినవారికే అప్పగించాలని కూడా అది చెప్పింది. మన ఆంధ్ర, తెలంగాణ జైలు అధికారులు శిక్షణకు వెళ్ళే వెల్లూరు అకాడమీ ఏర్పడింది 1979లో. మధ్యలో గడిచినవి దాదాపు 60 ఏళ్ళు!

అదే 1979 డిసెంబరులో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. డబ్బు కోసం ఒక వార్డరు ఖైదీని చిత్రహింస పెట్టాడని మరో ఖైదీ రాసిన ఉత్తరమే ఆ కేసుకు మూలం. సిబ్బంది మీద దాడులనూ, సిబ్బంది చేసే దౌర్జన్యాన్నీ విడదీసి చూడటం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. తోడు లేని వార్డరు భయపడతాడు, లేదా భయపెడతాడు. 1983లో నివేదిక ఇచ్చిన ముల్లా కమిటీ అఖిల భారత స్థాయిలో జైళ్ళ సర్వీసు కావాలని కోరింది. అది ఇప్పటికీ ఏర్పడలేదు.

2023లో కేంద్రం జైళ్ళ నమూనా చట్టం తెచ్చింది. ప్రతి ఖైదీ వల్ల ఎంత ముప్పుందో అంచనా వేయడం, ఆ ప్రకారం వేరుచేసి ఉంచడం, విడివిడిగా శిక్షాకాల ప్రణాళిక రాయడం అందులో ఉన్నాయి. జైళ్ళు రాష్ట్రాల పరిధిలోవి కాబట్టి ఆమోదించాల్సింది రాష్ట్రాలే. కానీ ఖైదీని దగ్గర నుంచి గమనించే మనిషి లేకుండా ఆ ప్రణాళిక ఎవరు రాస్తారు? 2022 చివరికి దేశంలో 4,36,266 మందికి సరిపోయే జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో నాలుగింట మూడు వంతులు విచారణ ఖైదీలే. మంజూరైన సిబ్బంది ఉద్యోగాల్లో దాదాపు 30 శాతం ఖాళీ.