వంద మెగాబిట్లు వస్తున్నాయి, మాట మాత్రం తెగుతోంది

నెల్లూరు వేదాయపాళెంలోని ఒక అపార్టుమెంటులో ఇంటర్నెట్ తగవు ఈ వారం మళ్ళీ మొదటికి వచ్చింది. రాత్రి ఎనిమిది దాటితే వీడియో కాల్‌లో అవతలి మనిషి పెదవులు ముందు కదులుతాయి, మాట తీరిగ్గా వస్తుంది. కేబుల్ ఆపరేటర్ మనిషి వచ్చి ల్యాప్‌టాప్‌కు వైరు గుచ్చి, "చూడండమ్మా, తొంభై నాలుగు వస్తోంది" అని చూపించి వెళ్తాడు. "స్పీడు సంగతి నేను అడగలేదు బాబూ, ఆలస్యం సంగతి చెప్పు" అంటారు మూడో అంతస్తులోని రిటైర్డ్ లెక్కల టీచరు. ఈసారి ఆవిడ రౌటర్ సెట్టింగులు మార్చుకునే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగారు. ఆపరేటర్ ఇవ్వనన్నాడు.

డయలప్ కూతలు, ఇంటర్నెట్ సెంటర్లు, 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభం అందరికీ తెలిసినవే. ఈ తగవుకు పనికివచ్చేది 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం. కనీసం 256 కిలోబిట్ల వేగంతో డౌన్‌లోడ్ అయితే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అన్నారు. 2023లో ఆ అంకెను 2 మెగాబిట్లు చేశారు. అంకె పెరిగింది గానీ తూకం మారలేదు. ఆలస్యానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో 120 మిల్లీసెకన్ల హద్దు ఒకటి పెట్టింది. అయితే ఆ కొలత కంపెనీ గేట్‌వే దగ్గర మొదలై బయటికి పోయేది. మన హాల్లో టీవీ వెనక మిణుకుమనే రౌటర్ పెట్టె ఆ లెక్కలో ఉండేది కాదు.

అసలు మలుపు 2010లో, అమెరికాలో ఒక ఇంట్లో వచ్చింది. అప్పట్లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న జిమ్ గెటిస్ ఇంటి నుంచి పెద్ద ఫైళ్ళు పంపుతున్నాడు. పంపుతున్నంతసేపూ ఇంట్లో ఇంటర్నెట్ నత్తనడక నడిచింది, పిల్లలు విసుక్కున్నారు. లైను బాగానే ఉంది, వేగమూ ఉంది. కొలిచి చూస్తే పింగ్, అంటే చిన్న కబురు పోయి తిరిగొచ్చే సమయం, సెకను దాటిపోతోంది. వెతగ్గా వెతగ్గా దోషం మెమరీలో దొరికింది. చిప్పులు చవకయ్యాక తయారీదారులు, ప్యాకెట్ అనే డేటా ముక్క ఒక్కటి కూడా పోకూడదని, మోడెములలోనూ రౌటర్లలోనూ పెద్దపెద్ద బఫర్లు, అంటే ప్యాకెట్లు వరసలో ఆగే చోట్లు, పెట్టారు. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పడింది. సంక్రాంతికి చెన్నై నుంచి వచ్చే కార్ల కోసం వెంకటాచలం టోల్‌గేట్ ముందు స్థలం ఎంత పెంచితే ఏం లాభం? ఆగే కార్లు పెరుగుతాయి తప్ప గేటు వేగం పెరగదు కదా.

ప్యాకెట్లు పోవడం నష్టం కాదు, సంకేతం. 1986లో అమెరికాలోని బర్కిలీలో రెండు చోట్ల మధ్య లింకు సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు కుప్పకూలింది. దాని మీద పనిచేసిన వాన్ జాకబ్సన్ 1988లో దారి చూపించాడు: ప్యాకెట్ పోతే రద్దీ అని అర్థం చేసుకుని పంపేవాడు వేగం తగ్గించాలి. బఫర్ దేన్నీ పోనివ్వకపోతే ఆ కబురు పంపేవాడికి చేరేదెప్పుడు? 2012లో క్యాథ్లీన్ నికోల్స్‌తో కలిసి జాకబ్సనే మందు కూడా తెచ్చాడు. దాని పేరు కోడెల్. అది వరస ఎంత పొడుగుందో చూడదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. ఆ నిరీక్షణ 100 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీసెకన్లకు దిగకపోతే ప్యాకెట్లను పడేయడం మొదలుపెడుతుంది. దాని మెరుగైన రూపం ఆ ఏడాదే లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలో చేరింది. చవకబారు పెట్టెలు చాలావాటికి ఆ సంగతి ఇంకా అందలేదు.

టీచరు ఇదంతా కేబుల్ బిల్లు వెనక పెన్సిలుతో లెక్క కట్టారు. చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు మిల్లీసెకనుకు 200 కిలోమీటర్ల దాకా పోతుంది. పోయిరావడానికి రెండు మిల్లీసెకన్లు చాలు. తీగ వంకర్లూ మధ్య మజిలీలూ కలిపి వైరు మీద ఆవిడకు వచ్చిన పింగ్ 9 మిల్లీసెకన్లు. మనవడి ఫోన్లో ఫోటోల బ్యాకప్ మొదలవగానే 740. బ్యాకప్ ఆపితే మళ్ళీ 9. అప్‌లోడ్ 10 మెగాబిట్లు, పెట్టెలో బఫర్ ఒక మెగాబైటు అనుకుంటే, అది నిండాక చివర నిలబడ్డ ప్యాకెట్‌కు దాదాపు 0.8 సెకన్ల పడిగాపులు. కాల్ తెగేది అక్కడ. ఆ ఫోను అప్‌లోడ్‌కు హద్దు పెడితే సగం రోగం కుదురుతుంది. ఆ గడి అడ్మిన్ పేజీలో ఉంది.

ఆపరేటర్ మాటలోనూ కొంత నిజం ఉంది. పక్క ఇళ్ళ వైఫైలన్నీ ఒకే ఛానల్ మీద అరుస్తుంటే ఆలస్యం తప్పదు. పాస్‌వర్డ్ ఇస్తే ఎవరో సెట్టింగులు చెరిపేసి అర్ధరాత్రి తనకే ఫోన్ చేస్తారనీ అంటాడు. అయితే టీచరు కొలిచింది వైరు మీద.

ఒకప్పుడు మోడెం కంపెనీది, రౌటర్ మనది. ఫైబర్ వచ్చాక రెండూ ఒకే పెట్టెలో కలిసిపోయాయి, దానితోపాటు తాళంచెవీ ఆపరేటర్ జేబులోకి వెళ్ళింది. నాలుగో అంతస్తు కుర్రాడు సొంత రౌటర్ కొని ఆ పెట్టె వెనక తగిలించి, ఇంట్లోని ఫోన్లన్నీ దానికి కలిపి, అప్‌లోడ్‌ను పదికి తొమ్మిది దగ్గర బిగించాడు. అతని కాల్స్ తెగడం లేదు. నెలనెలా డబ్బు కడుతున్న పెట్టె ఉండగా ఇంకో పెట్టె దేనికని టీచరు పట్టు.

ఆదివారం ఓనర్ల సంఘం కూర్చుంటోంది. లిఫ్టు మరమ్మతు మొదటి అంశం, మోటారు రెండోది, పాస్‌వర్డ్ మూడోది.