జుగుప్స తగ్గదా? చికిత్స గదిలో తరచూ వినే అపోహలు

అపోహ: జుగుప్స కూడా ఒక రకం భయమే కాబట్టి భయానికి చేసే చికిత్సే దీనికీ సరిపోతుంది.

వాస్తవం: భయం ఏదో కీడు జరుగుతుందన్న అంచనా మీద నిలుస్తుంది కనుక, ఆ కీడు జరగడం లేదని అనుభవంలో తేలేకొద్దీ సడలుతుంది. జుగుప్స అలా కాదు. ఒకసారి ఒక వస్తువుకు రోత అంటుకున్నాక, దాని వల్ల హాని లేదని తెలిసినా ఆ వస్తువే వెగటుగా మిగిలిపోతుంది. అందుకే శుభ్రతకు సంబంధించిన ఓసీడీతో (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్యతో) వచ్చేవారిలో భయం ముందుగా దిగిపోవడం, రోత మాత్రం నెమ్మదిగా కదలడం మేము తరచూ చూస్తుంటాం. దీన్ని చికిత్స విఫలమైనట్టుగా భావించి మధ్యలో మానేసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే చాలాసార్లు వారికి కావలసింది మరికొంత వ్యవధి మాత్రమే.

అపోహ: అది శుభ్రంగానే ఉందని నచ్చజెబితే చాలు.

వాస్తవం: మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్, ఆయన సహచరులు 1986లో ప్రచురించిన ప్రయోగాల్లో, క్రిమిరహితం చేసిన బొద్దింకను ముంచి తీసిన పండ్లరసాన్ని తాగడానికి జనం వెనుకాడారు, కుక్క మలం ఆకారంలో పోతపోసిన చాక్లెట్ మిఠాయిని, అది మిఠాయేనని తెలిసి కూడా, తినడానికి ఇష్టపడలేదు. తెలియడం వేరు, ఒళ్లు ఒప్పుకోవడం వేరు. ఇంట్లోవాళ్లు పదేపదే ఇచ్చే భరోసా కూడా ఇక్కడ మేలు చేయదు; అడిగి నిర్ధారించుకోవడమే మరో అలవాటుగా పాతుకుపోతుంది.

అపోహ: ఎక్స్‌పోజర్ అంటే అసహ్యమైనదాన్ని బలవంతంగా ముట్టించడం.

వాస్తవం: ఎక్స్‌పోజర్ అంటే ఇబ్బంది పెట్టేదాన్ని తప్పించుకోకుండా, మెట్టుమెట్టుగా ఎదుర్కొనే సాధన. ఆ మెట్లను మేమూ చికిత్సకు వచ్చినవారూ కలిసి నిర్ణయించుకుంటాం, ఏ మెట్టూ వారి సమ్మతి లేకుండా ఎక్కించం. ఉదాహరణకు, మరుగుదొడ్డి తలుపు పిడికి తాకించిన కాగితపు రుమాలును మొదట బల్ల మీద ఉంచి చూస్తారు, తర్వాత రెండు వేళ్లతో పట్టుకుంటారు, ఆపైన అరచేతిలో పరుచుకుంటారు, చివరికి దాన్ని తమ చొక్కాకు రుద్దుకుని అవే బట్టలతో ఇంటికి వెళతారు. ముట్టుకోవడం కన్నా ఆ తర్వాతి గంటే కీలకం: సెషన్ ముగియగానే చేతులు కడిగేసుకుంటే, రోతను పోగొట్టింది నీళ్లేనన్న పాత పాఠమే మళ్లీ బలపడుతుంది. ఇంత చేసినా కదలని సందర్భాల్లో ఆ వస్తువును ఇష్టమైన అనుభవంతో జతపరచడం, లేదా ఆ రోత మొదట ఏ ఘటనతో అంటుకుందో దాని అర్థాన్నే తిరిగి పరిశీలించడం వంటి పద్ధతులను కలుపుతాం.

రక్తం చూసి స్పృహ తప్పేవారి సంగతి వేరు. వారికి రక్తపోటు పడిపోతుంది కనుక విశ్రాంతి వ్యాయామాలకు బదులు, స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ గోరన్ ఓస్ట్ రూపొందించిన, చేతుల, కాళ్ల కండరాలను బిగించే పద్ధతిని ముందు నేర్పుతాం.

అపోహ: ఒకచోట అలవాటైతే అన్నిచోట్లా పోతుంది.

వాస్తవం: మృతదేహాలను కోసి నేర్చుకున్న వైద్య విద్యార్థులను రోజిన్ పరిశీలించగా, కొన్ని నెలల తర్వాత చల్లబడిన శవాన్ని తాకడం పట్ల వారి వెగటు తగ్గింది గానీ, అప్పుడే ప్రాణం పోయిన, ఇంకా వెచ్చగా ఉన్న దేహం పట్ల తగ్గలేదు. అందుకే సాధనను మా గదికే పరిమితం చేయం; పనిచేసే చోట, ప్రయాణంలో, సొంత ఇంట్లో, వేర్వేరు వస్తువులతో చేయిస్తాం. రోత సున్నాకు చేరాలని మేము ఎదురుచూడం. ఉదాహరణకు, రోత ఉండగానే ఒక తల్లి తన బిడ్డ మలాన్ని శుభ్రం చేసి, ఒక్కసారే చేతులు కడుక్కుని, బిడ్డను ఎత్తుకోగలిగిన వారం నుంచి సెషన్ల మధ్య ఎడం పెంచుతాం.